పాటను ముట్టుకోలేదు, బ్యాండునే మార్చాడు: రే చార్ల్స్ 1962 కంట్రీ ఆల్బమ్ మీద కేస్ స్టడీ

"ఫోక్ పాటే అన్నా, కానీ ఫ్యూజన్ చేయాలి" అని ఎవరైనా డెమో పట్టుకుని వస్తే నేను ముందు అడిగేది ఒకటే: దీన్లో ఏది మార్చకూడదు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఏమేం కలపాలో మాత్రం పెద్ద లిస్టే ఉంటుంది: డప్పు లూప్, దాని కింద సింథ్ బేస్, మధ్యలో ర్యాప్ బిట్, చివర్లో వయొలిన్. నేను అరేంజర్‌ని, అంటే పాటలో ఏ వాయిద్యం ఎక్కడ ఏం మోగాలో రాసేవాణ్ణి, అవన్నీ చేసిపెట్టడమే నా పని, చేసిపెడతాను కూడా. కానీ ఒక జానర్ పాటని ఇంకో జానర్‌లోకి తీసుకెళ్లడం అంటే అసలు ఏం చేయడమో నాకు బాగా అర్థమయ్యేలా చేసింది మాత్రం 1962లో అమెరికాలో వచ్చిన ఒక ఆల్బమ్, నల్లజాతి గాయకుడు, పియానిస్టు రే చార్ల్స్ చేసిన 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్'. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి దీన్నే ముక్కముక్కగా విప్పి చూపిస్తుంటాను. ఇక్కడ రాస్తున్నదీ అదే.

ముందు అప్పటి పరిస్థితి కాస్త తెలియాలి, లేకపోతే ఇందులో ప్రయోగం ఏముందో అర్థం కాదు. నల్లవాళ్లు పాడే పాటలు, నల్లవాళ్లే కొంటారని కంపెనీలు లెక్కేసుకున్న పాటలు రిథమ్ అండ్ బ్లూస్ కింద; దక్షిణాది పల్లెల్లో తెల్లవాళ్ల పాటలు కంట్రీ అండ్ వెస్టర్న్ కింద. ఈ గోడ కట్టింది సంగీతకారులు కాదు. 1920ల నుంచి రికార్డు కంపెనీలే కేటలాగులు విడివిడిగా అచ్చేసి, ఒకదానికి 'రేస్ రికార్డ్స్' అని, ఇంకోదానికి 'హిల్‌బిల్లీ' అని పేర్లు పెట్టి అమ్ముకున్నాయి. హిట్టు పాటల చార్టులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక 1949లో తన చార్టుల పేర్లు మార్చింది గానీ గోడ అక్కడే ఉండిపోయింది. రేడియోకి మాత్రం గోడలుండవు కదా. రే చార్ల్స్ 1930లో జార్జియాలో పుట్టాడు, ఫ్లోరిడాలో గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, ఏడేళ్ల వయసుకే చూపు పూర్తిగా పోయింది, శనివారం రాత్రిళ్లు కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నుంచి వచ్చే గ్రాండ్ ఓల్ ఓప్రీ రేడియో ప్రోగ్రామ్ చెవులప్పగించి వినేవాడు, కుర్రతనంలో టాంపా దగ్గర ఫ్లోరిడా ప్లేబాయ్స్ అనే తెల్లవాళ్ల కంట్రీ బ్యాండులో పియానో కూడా వాయించాడు. అంటే ఈ ఆల్బమ్ చేసేనాటికి ఆయనకి కంట్రీ కొత్త కాదు. చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన పాటలే అవి.

ఇంకో సంగతి, డబ్బు సంగతి. 1959లో ఆయన అట్లాంటిక్ కంపెనీ వదిలి ఏబీసీ-పారమౌంట్‌కి మారాడు. అట్లాంటిక్‌లో చివరి రోజుల్లోనే హ్యాంక్ స్నో కంట్రీ పాటొకటి రికార్డు చేశాడు, కాబట్టి ఈ ఆలోచన 1962లో హఠాత్తుగా పుట్టింది కాదు. కొత్త కాంట్రాక్టులో ఆయన సాధించుకున్నది మాస్టర్ టేపుల మీద, అంటే అసలు రికార్డింగుల మీద, సొంత హక్కు. అప్పట్లో పెద్ద గాయకులకి కూడా అరుదుగా దొరికేది. 1960లో 'జార్జియా ఆన్ మై మైండ్', 1961లో 'హిట్ ది రోడ్ జాక్' నంబర్ వన్ అయ్యాయి. కంట్రీ ఆల్బమ్ చేస్తానంటే కంపెనీలో పెద్దలకి టెన్షన్ పట్టుకుంది, ఉన్న అభిమానులు కూడా పోతారేమోనని. అయినా ఆపలేకపోయారు. ప్రయోగం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఎప్పుడూ ధైర్యం గురించే మాట్లాడతారు, కాంట్రాక్టు గురించి ఎవరూ మాట్లాడరు. ఇక్కడ ధైర్యం ఎంత ఉందో చేతిలో ఉన్న హక్కు కాగితం అంతే ఉంది.

ఇక అసలు పనిలోకి వద్దాం.

నిర్మాత సిడ్ ఫెల్లర్. రే చార్ల్స్ ఆయనకి అప్పజెప్పిన మొదటి పని, కంట్రీలో పేరున్న పాటలన్నీ పోగేసి పంపమని. ఫెల్లర్ పబ్లిషర్ల దగ్గర నుంచి కుప్పలుగా పాటలు తెప్పించాడు, అందులోంచి రే 12 ఏరుకున్నాడు. హ్యాంక్ విలియమ్స్ రాసినవి ఉన్నాయి, ఎడ్డీ ఆర్నాల్డ్ పాడినవి ఉన్నాయి, టెడ్ డాఫన్ పాట ఉంది, ఎవర్లీ బ్రదర్స్ హిట్టు 'బై బై లవ్' ఉంది, డాన్ గిబ్సన్ రాసిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యు' ఉంది. ఈ లిస్టు ముందు పెట్టుకుని ఒక విషయం గమనించండి, నేను కుర్రాళ్ల చేత ఇదే గమనింపజేస్తాను: ఒక్క పాటలోనూ గుర్రాల్లేవు, పశువుల మందల్లేవు, రైలు బండి లేదు, పొలం లేదు. అన్నీ ప్రేమ, ఎడబాటు, మోసపోవడం, లేదా 'హే, గుడ్ లుకిన్'లో లాగా సరదాగా ఓ అమ్మాయిని పలకరించడం. కంట్రీ అనగానే గుర్తొచ్చే సరంజామా మాటల్లోనే లేదు. అలాంటి సాహిత్యాన్ని ఏ వాయిద్యాల మధ్యలో పెట్టినా అతుకుతుంది. కౌబాయ్ పాట తీసుకుని దాని వెనక ట్రంపెట్లు మోగించి ఉంటే వినేవాడికి నవ్వొచ్చేది. అరేంజ్‌మెంట్‌లో సగం పని పాట ఎంచుకోవడంలోనే అయిపోయింది అక్కడ.

రికార్డింగ్ అంతా 1962 ఫిబ్రవరిలోనే, రెండు చోట్ల. న్యూయార్క్‌లో క్యాపిటల్ స్టూడియోలో బిగ్ బ్యాండుతో (ట్రంపెట్లు, శాక్సోఫోన్లు ఉండే పెద్ద జాజ్ బ్యాండు) కొన్ని, హాలీవుడ్‌లో యునైటెడ్ రికార్డింగ్‌లో స్ట్రింగ్స్ (వయొలిన్ల బృందం), కోరస్‌తో మిగతావి. బిగ్ బ్యాండ్ వైపు అరేంజర్లు గిల్ ఫుల్లర్, జెరాల్డ్ విల్సన్. ఇద్దరూ జాజ్ మనుషులు: ఫుల్లర్ డిజ్జీ గిలెస్పీ బ్యాండుకి రాసినవాడు, విల్సన్ జిమ్మీ లన్స్‌ఫర్డ్ బ్యాండులో ట్రంపెట్ వాయించినవాడు. స్ట్రింగ్స్ రాసింది మార్టీ పేచ్, ఆయనదీ వెస్ట్ కోస్ట్ జాజే. ముగ్గురిలో నాష్‌విల్ మనిషి ఒక్కడూ లేడు.

ఆల్బమ్ మొత్తం వెతికినా పెడల్ స్టీల్ గిటార్ (స్వరం జారుతూ మోగే కంట్రీ గిటార్) వినపడదు. ఫిడిల్, అంటే పల్లె పద్ధతిలో వాయించే వయొలిన్, లేదు. బ్యాంజో లేదు. కంట్రీ పాటలతో ఆల్బమ్ చేస్తూ కంట్రీ వాయిద్యాలన్నీ తీసి పక్కన పెట్టేశారు. ఇక్కడే నాకు ఈ ఆల్బమ్ అంటే గురి కుదిరింది. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? జాజ్ బ్యాండు పెట్టి, గుర్తుగా ఉంటుందని ఓ మూల స్టీల్ గిటార్ పెడతారు, కంట్రీ ఫీల్ పోకూడదని. ఫోక్ ట్రాక్‌లో ఇంట్రోలో మాత్రం వినిపించి మాయమైపోయే తుడుం లాంటిదన్నమాట. రే చార్ల్స్ అలా ఊరికే గుర్తు కోసం ఏదీ పెట్టలేదు. బాణీ, మాటలు దాదాపు యథాతథంగా ఉంచాడు. చుట్టూ ఉన్నది పూర్తిగా మార్చేశాడు. కదలనిదేదో, కదిలేదేదో మొదట్లోనే తేల్చుకుని, కదిలేదాన్ని చివరికంటా కదిపాడు.

'బై బై లవ్' దగ్గర ఇది తేలిగ్గా పట్టుకోవచ్చు. 1957 నాటి ఎవర్లీ బ్రదర్స్ రికార్డు మొత్తం రెండు వాటి మీద నిలబడి ఉంటుంది: మొదట్లో అకూస్టిక్ గిటార్ తెగ గీకే ఆ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క), ఆపైన అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు అంటిపెట్టుకుని పాడే జంట స్వరం. ఆ రెండూ తీసేస్తే పాట ఏమవుతుంది? రే వెర్షన్‌లో గిటార్ చేసే పని బ్రాస్ సెక్షన్ (ట్రంపెట్లు, ట్రాంబోన్లు) చేస్తుంది, జంట స్వరం ఉండాల్సిన చోట ఆడ గొంతుల కోరస్ బాణీని తిన్నగా పట్టుకుని ఉంటుంది, అది తిన్నగా ఉంది కాబట్టే రే దాని మీద ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ తిరుగుతాడు. ఎవరో ఒకరు బాణీని కాపలా కాస్తున్నారు, అందుకే ఇంకొకరికి స్వేచ్ఛ. ఆల్బమ్ మొదటి పాటగా దీన్ని పెట్టడం కూడా ఆలోచించి చేసిన పనే అనుకుంటాను, అందరికీ తెలిసిన పాటతో మొదలుపెట్టి ఇక్కడ ఏం మారబోతోందో మొదటి నిమిషంలోనే చెప్పేయడం.

'యు డోంట్ నో మి' ఇంకో రకం. సిండీ వాకర్, ఎడ్డీ ఆర్నాల్డ్ కలిసి కట్టిన పాట, ఆర్నాల్డ్ 1956లో సాఫీగా, ఒద్దికగా పాడాడు. రే దగ్గరికి వచ్చేసరికి స్ట్రింగ్స్ తాళం ప్రకారం నడుస్తుంటాయి, ఆయన మాత్రం వాటికి వెనకగా వస్తాడు. ఒక్కో లైను మొదలవ్వాల్సిన చోట మొదలవదు, ఇక పాడడేమో అనుకునే లోపు మొదలవుతుంది. మనసులో మాట చెప్పలేకపోయిన మనిషి పాట అది, ఆ చెప్పలేకపోవడం సాహిత్యంలో ఎలాగూ ఉంది, ఆయన దాన్ని లయలోకి కూడా తెచ్చాడు. స్కోరు కాగితం మీద చూస్తే పెద్దగా మార్పేమీ కనపడదు. మారిందంతా నోట్ ఎప్పుడు పడుతోంది, ఎంతసేపు నిలబడుతోంది, ఎక్కడ గొంతు చిట్లుతోంది అన్నదే. ఈ పాటని కంప్యూటర్‌లో గ్రిడ్ మీద, అంటే బీటు గీతల మీద, సర్దే ప్రయత్నం చేసి చూడమని ఒక కుర్రాడికి చెప్పాను, వోకల్‌ని కోసి బీటు మీదకి లాగాడు, విన్నాక తనే మొహం అదోలా పెట్టి అన్‌డూ కొట్టాడు.

ఇక 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యు'. దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. డాన్ గిబ్సన్ రాసుకుని పాడుకున్నప్పుడు ఇది ఒక మనిషి తనతో తను చెప్పుకునే పాట, 1958లో 'ఓ లోన్‌సమ్ మి' రికార్డుకి రెండో వైపున వచ్చింది. రే వెర్షన్‌లో పాట పేరున్న ఆ మొదటి లైను ఆయన పాడడు. కోరస్ పాడుతుంది! తెల్లటి, శుభ్రమైన, హాలీవుడ్ స్టూడియో కోరస్. దానికి జవాబుగా తర్వాతి లైను ఆయన అందుకుంటాడు. మన బుర్రకథలో కథకుడు పాడితే వంతలు అందుకుంటారు కదా, ఇక్కడ వంత ముందు, కథకుడు తర్వాత. నల్లవాళ్ల చర్చిల్లో పాస్టరు పిలిస్తే జనం పలికే పద్ధతిలోంచే వచ్చింది ఇది, కాకపోతే తిరగేసి. దీంతో ఏమైందంటే, బాణీని ఉన్నదున్నట్టు చెప్పే బాధ్యత కోరస్ మీద పడింది, దాని మీద ఏడ్చే బాధ్యత ఒక్కటే ఆయనకి మిగిలింది. పాట చివరికొచ్చేసరికి, కోరస్‌ని పిల్లల్ని పిలిచినట్టు పిలిచి పాడమంటాడు, మాటగానే, వాళ్లు తిన్నగా పాడతారు, ఆయన వెంటపడి అదే లైనుని చీల్చి పాడతాడు. ఒకే లైను, పక్కపక్కనే రెండు రకాలుగా. ఆల్బమ్ మొత్తం చేసిన పనిని ఒక లైనులో చూడాలంటే ఇదిగో ఇక్కడ ఉంది. మధ్యలో పియానో పలుకులు వింటే నా చెవికి కంట్రీ పియానో వాసన కాస్త తగులుతుంది. స్టీల్ గిటార్ తీసేసినవాడు దాని జారుడుని మాత్రం వేళ్లలో దాచుకున్నాడేమో.

ఫెల్లర్‌కి ఈ పాట మీద నమ్మకం లేదు. ఆల్బమ్‌లో 11వ పాటగా, అంటే చివరి నుంచి రెండోదిగా పెట్టాడు. సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వేసే ఉద్దేశమే లేదు. ట్యాబ్ హంటర్ అనే సినిమా నటుడు ఇదే అరేంజ్‌మెంట్‌ని అచ్చు దింపేసి సింగిల్ వదిలితే, అది ఎక్కడ హిట్టయిపోతుందోనని ఏబీసీ వాళ్లు ఉరుకులు పరుగుల మీద నాలుగు నిమిషాల పైచిలుకు ఉన్న పాటని కత్తిరించి మార్కెట్‌లోకి వదిలారు. బిల్‌బోర్డ్ హాట్ 100లో, అంటే అన్ని రకాల పాటలకీ కలిపి వేసే చార్టులో, 5 వారాలు నంబర్ వన్. ఆల్బమ్ ఏకంగా 14 వారాలు నంబర్ వన్. 'యు డోంట్ నో మి' రెండో స్థానం దాకా వెళ్లింది. గ్రామీ వచ్చింది, ఏ విభాగంలో అనుకున్నారు? బెస్ట్ రిథమ్ అండ్ బ్లూస్ రికార్డింగ్. కంట్రీ పాటే, కంట్రీ రచయితే, ఆల్బమ్ పేరులోనే కంట్రీ ఉంది, అయినా కంట్రీ చార్టు మీద ఆ సింగిల్ కనపడలేదు. దేశమంతా విన్నది గానీ ఆ చార్టుకి మాత్రం వినపడలేదు. అంతకు ముందు ఏడాదే, 1961లో, జార్జియాలోని అగస్టాలో జనాన్ని రంగు చూసి విడదీసి కూర్చోబెట్టే హాల్లో పాడనని రే చార్ల్స్ ప్రోగ్రామ్ రద్దు చేసుకున్నాడు. చార్టులోనూ నడిచింది అలాంటి విడదీతే.

ఆ కంట్రీ చార్టులో ఆయన మొదటి స్థానానికి వచ్చింది 1985లో, కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్‌తో కలిసి పాడిన పాటతో. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంటున్నట్టు ప్రకటించింది 2021లో. మనిషి చనిపోయింది 2004లో.

ఇక్కడ ఒక దిద్దుబాటు చెప్పాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్ గురించి రాసేవాళ్లు ఉత్సాహంలో ఇది మర్చిపోతారు. కంట్రీ పాటకి స్ట్రింగ్స్, కోరస్ వేయడం రే చార్ల్స్ కనిపెట్టింది కాదు. నాష్‌విల్‌లోనే నిర్మాతలు చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ అప్పటికే ఫిడిళ్లు, స్టీల్ గిటార్లు తగ్గించి సాఫ్ట్ కోరస్‌లు పెట్టి 'నాష్‌విల్ సౌండ్' అనే దాన్ని తయారు చేశారు, 1961లో ప్యాట్సీ క్లైన్ పాడిన 'క్రేజీ' దానికి మంచి ఉదాహరణ. కాబట్టి స్ట్రింగ్స్ ఉన్న పాటల్లో కొత్తదనం స్ట్రింగ్స్‌లో లేదు, వాటికి ఎదురుగా నిలబడిన గొంతులో ఉంది. నాష్‌విల్ వాళ్లు గాయకుణ్ణి కూడా స్ట్రింగ్స్ అంత నునుపు చేశారు. రే చార్ల్స్ వెనకాల అంతా నునుపుగా ఉంచి, గొంతుని గరుకుగానే వదిలేశాడు. కొత్తదనం మొత్తంగా చూస్తే బిగ్ బ్యాండ్ పాటల్లోనే ఎక్కువ, కానీ జనానికి ఎక్కినవి స్ట్రింగ్స్ పాటలు. మన ఫీల్డులో ఇలాంటివి చూసి చూసి అలవాటైపోయింది.

లోపాలు లేవా? ఉన్నాయి. ఆ కోరస్ కొన్ని చోట్ల ఇవాళ్టి చెవికి మరీ తీపిగా, పాత క్రిస్మస్ కార్డులా ఉంటుంది. స్ట్రింగ్స్ పాటలు వరసగా వింటే ఒకే స్పీడులో నడుస్తున్నట్టు అనిపించి కాస్త బరువెక్కుతాయి. ఫెల్లర్‌కీ అది తెలుసనిపిస్తుంది, ఎందుకంటే మొదటి సైడ్‌లో ఒక బ్యాండు పాట, ఒక స్ట్రింగ్స్ పాట అని మార్చి మార్చి పెట్టాడు, ప్రతి నెమ్మది పాట ముందూ చెవులు దులిపే పాట ఒకటి ఉంటుంది. అదే ఏడాది చివర్లో వచ్చిన రెండో వాల్యూమ్‌లో బ్యాండు పాటలు ఒక సైడు, స్ట్రింగ్స్ పాటలు ఇంకో సైడు పెట్టారు. నాకైతే అది అంత పట్టి కూర్చోబెట్టదు. పాటల వరస కూడా అరేంజ్‌మెంటే అని స్ట్రీమింగ్ వచ్చాక మనం వదిలేశాం.

దీనికి సరిగ్గా ఎదురు పద్ధతిలో చేసిన ఆల్బమ్ కూడా ఒకటి చూపిస్తాను, కేసీ మస్‌గ్రేవ్స్ 2018లో చేసిన 'గోల్డెన్ అవర్'. ఆమె కంట్రీ మనిషి, కంట్రీ వాయిద్యాలు తీసేయలేదు. 'ఓ, వాట్ ఎ వరల్డ్' మొదట్లో రోబో గొంతులా వోకోడర్ వస్తుంది, ఆ వెంటే బ్యాంజో వచ్చి దాని పక్కన కూర్చుంటుంది. 'హై హార్స్' అయితే నేరుగా డిస్కో. రే వాయిద్యాలు ఖాళీ చేశాడు, ఈమె పక్కపక్కన పెట్టింది. రెండు దారులూ పనిచేశాయి, 2019లో గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ అదే. అయితే కదలనిది ఈమె దగ్గరా ఉంది: హంగులేమీ లేకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఉండే గొంతు, అచ్చమైన కంట్రీ పద్ధతిలో చివర్లో మెలిక తిరిగే సాహిత్యం. కింద డిస్కో బీటు ఎంత తిరిగినా గొంతు డిస్కో గొంతు అవ్వదు. ఏది పట్టుకోవాలో ఇద్దరికీ తెలుసు, పట్టుకున్నవి వేరు.

నా పనిలో దీన్ని ఎలా వాడతానంటే, జానపదం ఏదైనా చేతికొస్తే ముందు వాయిద్యాలన్నీ మ్యూట్ చేసి, గొంతు, శ్రుతి మాత్రం ఉంచి వింటాను. అలా ఒంటరిగా కూడా పాట నిలబడిందంటే దాని చుట్టూ ఏదైనా కట్టొచ్చు, డప్పు లేకపోయినా అది జానపదమే. నిలబడలేదంటే ఆ పాట ప్రాణం డప్పు దరువులోనే ఉందని లెక్క, అప్పుడు దరువుని ముట్టుకోకుండా మిగతాది మార్చుకోవాలి, రే పద్ధతి అక్కడ పనికిరాదు. తర్వాత గాయకుడితో కూర్చుని, కోరస్‌కి తిన్నని బాణీ ఇచ్చి, మీరు దీని మీద తిరగండి అంటాను. క్లయింట్లు దీన్ని ఒప్పుకోవడం కష్టం, పేరున్న గాయకుణ్ణి పెట్టుకుని హుక్ లైను (జనం నోట్లో నానే లైను) కోరస్ చేత పాడిస్తావేంటి అంటారు. అప్పుడు 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యు' మొదటి పది సెకన్లు వినిపిస్తాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు "అది ఇంగ్లీష్ కదా" అంటారు, సరే అని వాళ్లు చెప్పినట్టే చేసి ఇచ్చేస్తాను, ఈఎంఐలు ఉన్నాయి మరి.

ఆల్బమ్ కొత్తగా వినబోయేవాళ్లకి ఒక సలహా. నేరుగా రే చార్ల్స్‌తో మొదలుపెట్టొద్దు. ముందు డాన్ గిబ్సన్, ఎడ్డీ ఆర్నాల్డ్, ఎవర్లీ బ్రదర్స్, హ్యాంక్ విలియమ్స్ పాడిన ఒరిజినల్స్ నాలుగూ వినండి, బాణీ నోటికొచ్చేదాకా. ఆ తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రే వెర్షన్ వేసి, పాటతో పాటు ఒరిజినల్ బాణీని లోపల పాడుకుంటూ వెళ్లండి, ఆయన ఎక్కడెక్కడ మీకంటే ఆలస్యంగా వస్తున్నాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.